పాత రోడ్డే... కొత్త క్వారీ!

గొలుసు తెగిపోయిందనో, మోడల్ పాతబడిందనో బంగారాన్ని ఎవరైనా చెత్తబుట్టలో పడేస్తారా? కంసాలి దగ్గరికి పట్టుకెళ్లి కరిగిస్తారు. చాలకపోతే కాస్త కొత్త బంగారం కలిపించి మరో నగ చేయించుకుంటారు. రోడ్డు విషయంలో మాత్రం లెక్క వేరు. గతుకులు పడి, పగుళ్లిచ్చిన తారు రోడ్డంటే ఎందుకూ పనికిరాని చెత్త కిందే జమ. దాన్ని తవ్వి ఎక్కడో పారబోస్తారు. లేదంటే దానిమీదే ఇంకో పొర పరిచేస్తారు. నిజానికి ఆ నల్లటి పెళ్లల్లో ఉన్నవి కొండను పగలగొట్టి తెచ్చిన కంకర, చమురు నుంచి తీసిన బిటుమెన్. రెండూ ఖరీదైనవే... డబ్బు లెక్కలోనే కాదు, వాతావరణం లెక్కలో కూడా!

కిలోమీటరులో నలభై లారీలు

తారు రోడ్డు పై పొరల బరువులో సుమారు 95 శాతం కంకర, ఇసుక, రాతిపొడి. మిగతా 5 శాతం వాటిని పట్టి ఉంచే బిటుమెన్. అలవాటుకొద్దీ తారు అంటాం కానీ ఇది ముడిచమురును శుద్ధి చేసినప్పుడు అడుగున మిగిలే జిగట పదార్థం.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఏడు మీటర్ల వెడల్పున్న రోడ్డును రెండంగుళాల మందాన గీకితే కిలోమీటరుకు దాదాపు 800 టన్నుల సరుకు వస్తుంది. ఇరవై టన్నుల చొప్పున నలభై లారీలకు సరిపడా అన్నమాట. అందులో బిటుమెనే 40 టన్నుల దాకా ఉంటుంది. దాన్ని పారేసి కొత్త రోడ్డు వేయాలంటే మళ్లీ ఎక్కడో ఓ గుట్టను పేల్చాలి. రాళ్లను క్రషర్‌లో ఆడించాలి. దూరం నుంచి బిటుమెన్ ట్యాంకరు రావాలి. కంకరనూ బిటుమెన్‌నూ హాట్‌మిక్స్ ప్లాంటులో దాదాపు 150 డిగ్రీల వేడికి తెచ్చి కలపాలి. ఆ మిశ్రమం టిప్పర్లలో పనిచోటుకు చేరాలి. ఇందులో ప్రతి మెట్టు దగ్గరా డీజిలో, ఫర్నేస్ ఆయిలో, కరెంటో ఖర్చవుతుంది. కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. పాత సరుకును తిరిగి వాడితే వీటిలో సగం మెట్లు ఎక్కే పనే ఉండదు.

చమురు కరవు నేర్పిన పాఠం

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1973లో అరబ్ దేశాలు చమురు సరఫరాను బిగించడంతో అమెరికాలో బిటుమెన్ ధర మండిపోయింది. అప్పుడు అక్కడి ఇంజినీర్ల చూపు కాళ్ల కింది రోడ్డుమీద పడింది. గట్టి లోహపు పళ్లున్న డ్రమ్ము గిర్రున తిరుగుతూ రోడ్డును పొరలు పొరలుగా చెక్కేసే మిల్లింగ్ యంత్రాలు ఆ దశకంలోనే వాడకంలోకి వచ్చాయి. చెక్కిన పొడిని కొత్త మిశ్రమంలో కలపడం మొదలైంది. ఇప్పుడక్కడ కొత్త తారు మిశ్రమాల్లో సగటున ఐదో వంతు పాత రోడ్ల సరుకే. ఒక్క 2019లోనే దీనివల్ల సుమారు 24 లక్షల టన్నుల కార్బన్ ఉద్గారాలు తప్పాయని అక్కడి తారు రోడ్ల పరిశ్రమ సంఘం లెక్కకట్టింది. అంటే ఏడాదిపాటు ఐదు లక్షలకు పైగా కార్లను రోడ్డెక్కకుండా ఆపినంత!

జపాన్ ఇంకా ముందుంది. కొండలు తవ్వుకోవడానికి చోటు, చెత్త పోసుకోవడానికి స్థలం... రెండూ కొరతే అక్కడ. దాంతో నిర్మాణాల వ్యర్థాలను తిరిగి వాడి తీరాలంటూ 2000లో చట్టమే తెచ్చారు. ఇప్పుడు తవ్వి తీసిన తారు పెళ్లల్లో దాదాపు 99 శాతం తిరిగి ఏదో ఒక రూపంలో వాడకంలోకి వస్తున్నాయి.

ఆరు కిలోమీటర్ల ప్రయోగం

కాలనీ రోడ్లకైతే సరే, రాత్రింబవళ్లు లారీలు తొక్కే జాతీయ రహదారికి పాత సరుకు ఆగుతుందా? ఈ అనుమానానికి అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం 2011లో సమాధానం వెతికింది. స్టాంటన్ పట్టణానికి దగ్గర్లో ఐ-81 రహదారి అది. సరుకు లారీల రద్దీ విపరీతం. ఎన్నిసార్లు మరమ్మతు చేసినా మళ్లీ మళ్లీ పాడయ్యేది. కారణం పైపొర కాదు, పునాది దెబ్బతినడం.

మామూలుగా అయితే అంతా తవ్వి ఎత్తిపోసి మొదటి నుంచీ కట్టాలి. అక్కడి రవాణా శాఖ వేరే దారి పట్టింది. సుమారు ఆరు కిలోమీటర్ల మేర పై పొరలను చెక్కి, ఆ సరుకును దగ్గర్లోనే పెట్టిన సంచార ప్లాంటుకు చేర్చింది. కింద మిగిలిన పునాదిని ఉన్నచోటే పిండి చేసి, సిమెంటు, సున్నం బట్టీల దుమ్ము కలిపి గట్టిపరిచింది. చెక్కి తీసిన సరుకును వేడి చేయకుండానే, కాస్త నురగ బిటుమెన్, చిటికెడు సిమెంటు కలిపి తిరిగి పరిచింది. పైన మాత్రం కొత్త మిశ్రమంతో పొర వేసింది.

నురగ బిటుమెన్ అంటే మరేం లేదు. సలసలలాడే బిటుమెన్‌లోకి కొద్దిగా చన్నీళ్లు చిమ్మితే పొయ్యిమీద పాలు పొంగినట్లు ఒక్కసారిగా పొంగుతుంది. అలా పొంగినప్పుడు చల్లటి కంకరకు కూడా చక్కగా పట్టుకుంటుంది. కంకరను మరిగించే ఇంధనమంతా ఆదా. ఆ దారి బాగానే నిలబడటంతో తర్వాత ఐ-64 రహదారి విస్తరణలోనూ వర్జీనియా ఇదే పద్ధతిని వాడుకుంది. కెనడాలోని ఒంటారియోలో కూడా ఇలాంటి చల్లటి పద్ధతితో కార్బన్ ఉద్గారాలు సుమారు సగానికి తగ్గినట్లు అక్కడి ఇంజినీర్లు లెక్కతేల్చారు.

వయసు మీదపడిన తారు

ఇంత లాభముంటే అందరూ ఎందుకు చేయరు? ఇక్కడే ఉంది చిక్కు. ఏళ్ల తరబడి ఎండకు ఎండి, గాలి తగిలి బిటుమెన్ బిగుసుకుపోతుంది. సాగే గుణం పోయి పెళుసెక్కుతుంది. అలాంటి సరుకును కొలతలేకుండా కలిపితే కొత్త రోడ్డు కూడా తొందరగానే పగుళ్లిస్తుంది. అందుకే మెత్తటి రకం బిటుమెన్‌నో, తిరిగి జీవం పోసే నూనెలనో తగిన పాళ్లలో చేర్చాలి. ఎంత చేర్చాలో ప్రయోగశాలలో పరీక్షించాకే తేల్చాలి.

జాగ్రత్తలు ఇంకా ఉన్నాయి. నాలుగు రోడ్ల సరుకును ఒకే కుప్పగా పోయకూడదు. మట్టి కలవనివ్వకూడదు. కుప్ప వానకు తడిస్తే దాన్ని ఆరబెట్టడానికే ఇంధనం ఖర్చవుతుంది, ఆదా చేసింది కాస్తా ఆవిరైపోతుంది. పాత సరుకుకు నేరుగా మంట తగిలితే బిటుమెన్ కాలి పొగలు కక్కుతుంది కాబట్టి, కొత్త కంకరను ఎక్కువ వేడిచేసి ఆ వేడితోనే దీన్ని వెచ్చబెట్టాలి. ఆ ఏర్పాటు లేని పాత ప్లాంట్లలో ఈ పని కుదరదు.

అన్నిటికంటే ముఖ్యమైంది రోడ్డు ఆయుష్షు. పదిహేనేళ్లు ఉండాల్సిన రోడ్డు ఏడేళ్లకే పోతే పని రెండుసార్లు, పొగ రెండుసార్లు. అప్పుడు రీసైక్లింగ్ పేరుకే మిగులుతుంది.

మన గడప దాకా...

మన దేశంలో ఇందుకు నియమావళి లేకపోలేదు. పాత తారు రోడ్ల పునర్వినియోగం ఎలా చేయాలో చెబుతూ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లోనే మార్గదర్శకాలు తెచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో పీఎంజీఎస్‌వై మూడో దశ కింద పాత గ్రామీణ రోడ్లను ఉన్నచోటే పిండిచేసి, సిమెంటు, రసాయనాలు కలిపి మళ్లీ వేసే పనులు చేపట్టారు. సిమెంటు తయారీలోనూ కార్బన్ ఎక్కువే కాబట్టి అది ఎంత తక్కువ పడితే అంత మంచిది. అందుకే ఐఐటీ హైదరాబాద్‌లో పాత రోడ్డు సరుకుకు థర్మల్ కేంద్రాల బూడిదను జోడించి పునాది పొరగా వాడటంపై పరిశోధనలు జరిగాయి. గుట్టలుగా పేరుకునే బూడిదకూ ఇదో దారి.

వాతావరణం మాట పక్కనపెట్టినా, ఇందులో ప్రతి ఇంటికీ సంబంధించిన సంగతి ఒకటుంది. పట్నాల్లో పాతికేళ్ల కిందట కట్టిన ఇళ్లను చూడండి. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన గుమ్మంలోకి ఇప్పుడు దిగి వెళ్లాల్సివస్తోంది. ఇల్లు కుంగలేదు, రోడ్డే పెరిగింది! పొరమీద పొర వేసుకుంటూ పోవడం వల్ల వాన పడితే నీళ్లన్నీ వరండాలోకే. చెన్నైలాంటి చోట్ల ఈ గోల ఎక్కువవడంతో, పాత పొరను చెక్కి తీశాకే కొత్తది వేయాలని తమిళనాడు ప్రభుత్వం 2021లో ఆదేశించింది.

చెక్కడం మంచిదే. చెక్కిన సరుకు ఎక్కడికి వెళుతోందన్నది అసలు ప్రశ్న. ఏ చెరువు గట్టునో, ఖాళీ స్థలంలోనో పోసేస్తే సగం పనే అయినట్లు. అదే కొలిచి, పరీక్షించి మళ్లీ రోడ్డులోకే చేరిస్తే గుమ్మం గుమ్మంలా ఉంటుంది, ఊరి గుట్ట గుట్టలా ఉంటుంది. వీధిలోకి మిల్లింగ్ యంత్రం వచ్చినప్పుడు కాలనీ పెద్దలు 'కొత్త రోడ్డు ఎప్పుడేస్తారు' అని ఎలాగూ అడుగుతారు. 'పాత రోడ్డును ఏం చేస్తారు' అని కూడా అడిగితే సరి!