పాటిదిబ్బయే పాఠశాల

శ్రీశైల జలాశయము కృష్ణాతీరమును ముంచినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి అలంపురమునకు తరలించి తిరిగి కట్టిరి. జటప్రోలు మదనగోపాలస్వామి కోవెలయు నట్లే నీటి వాత పడక తప్పించుకొన్నది. ఇది శ్లాఘనీయమైన కార్యమే. కాని గుడిని తరలింపవచ్చును. పాటిదిబ్బను తరలింపగలవా రెవ్వరు?

పాటిమన్ను మన రైతులకు క్రొత్త కాదు. చేనికి మంచి యెరువని బండ్లకెత్తి తోలుదురు. ఆ మంటిలో పూర్వుల పొయ్యి బూడిదయు, కుండపెంకులును, పూసలును పొరపొరగా నుండును. పొర చెదరెనా, ఆ పూస యే కాలపువారి మెడలోనిదో చెప్పు సాక్షి యుండదు.

ఈ సంగతి గ్రంథములలో చదువుట వేఱు, గోతిలో కూర్చుండి యెఱుగుట వేఱు. త్రవ్వకపు శిబిరమునకు వచ్చిన విద్యార్థి తొలినాడు బంగారమును కలగనును. అతని చేతికి వచ్చునవి దారము, మేకులు, తాపీ, కుంచె. గోతి గోడను నిలువుగా చెక్కి, మన్ను రంగు మాఱినచోట గీత గీసి, పెంకులు కడిగి, వానిపై పొర సంఖ్య వ్రాయుటతోనే దినములు గడచును. మన్ను మాఱినదని పలుగు మ్రోతనుబట్టి ముందుగా పసిగట్టువాడు పెక్కుమాఱులు పట్టభద్రుడు కాడు, ప్రక్కనున్న కూలివాడు. ఆ వినయమే యీ విద్యకు ఓనమాలు.

1944లో నాటి పురావస్తుశాఖాధిపతి సర్ మార్టిమర్ వీలరు తక్షశిలలో మన విశ్వవిద్యాలయముల విద్యార్థులకు ఇట్టి శిబిరమునే నడపెను. 1947లో కర్ణాటకమందలి బ్రహ్మగిరిలో ఆయన త్రవ్వింపగా, రాతిగొడ్డళ్ళవారు, రాక్షసగుళ్ళు కట్టినవారు, శాతవాహనకాలపువారు ఒకరి వెనుక నొకరుగా పొరలలో తెలియవచ్చిరి. పరదేశీయుడు నేర్పెనని సిగ్గు వలదు. నేర్చినదానిని మన యూళ్లలో మన బిడ్డలకు నేర్పకుండుటయే సిగ్గు.

కావున 2008లో వెలసిన పాలమూరు విశ్వవిద్యాలయము రాష్ట్ర వారసత్వశాఖతో గూడి, పంట యిల్లు చేరిన పిమ్మట ఏటేట నొక నెల, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో నెచ్చటనైన నొక శిబిరము నడపవలయునని మా మనవి. అనుమతి లేని త్రవ్వకము విద్య కాదు, దోపిడి. వనపర్తి రాజభవనమే పాలిటెక్నిక్ విద్యార్థులకు బడి యైనది గదా; పాటిదిబ్బ యేల కాగూడదు?

భూస్వాములకు ఒక్క మాట. దిబ్బకు బండి కట్టుటకు ముందు ఆ పిల్లలను పిలిపింపుడు. ఎరువు మఱియొకచోట దొరకును. చెదరిన పొర మఱి దొరకదు.