రెండో సంతకం ఎవరిది?

ఏజెన్సీ పంచాయతీల్లో సర్పంచ్ పదవి ఆదివాసీలకే. 1996 పెసా చట్టం ఆ మాట ఖాయం చేసింది. ఉపసర్పంచ్‌కి ఆ కట్టుబాటు లేదు, వార్డు మెంబర్లలో ఏ కులపోడైనా కావచ్చు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది. అంతకు ముందు చెక్కు మీద సర్పంచ్, కార్యదర్శి సంతకాలు పెట్టేవాళ్ళు. కొత్త చట్టం కార్యదర్శి జాగాలో ఉపసర్పంచ్‌ని కూర్చోబెట్టింది. 2019లో గెలిచిన సర్పంచులకు ఇది అమలైంది.

చిన్న మార్పే కదా అనిపిస్తది. మా దమ్మపేట, అశ్వారావుపేట పామాయిల్ తోటల మధ్య నిలబడి ఆలోచించండి. కోయ సర్పంచ్ సైడు కాలువ తవ్వించిండు, కూలోళ్ళకు డబ్బులియ్యాలె. చెక్కుబుక్కు పట్టుకొని ఉపసర్పంచ్ గడప ఎక్కాలె. ఆ ఉపసర్పంచ్ తోటల ఆసామి అయి, సర్పంచ్ అన్నదమ్ములు ఆ తోటలోనే గెలలు కోస్తుంటే? "రేపు రారా" అంటడు. ఆ ఒక్క మాటతో రిజర్వేషన్ మొత్తం ఆగిపోద్ది. ఓట్లు ఎవరివైతే ఏంది, పెన్ను ఆయనది.

సంస్థలు నడిచేది ఇట్లనే. బోర్డు మీద పేరు ఎవరిదని కాదు, బీరువా తాళం ఎవరి మొలలో ఉందో చూడాలె. మీటింగు టైము ఎవరు పెడుతున్నరో చూడాలె. గ్రామసభ పగలు పదకొండింటికి పెడితే మిరప చేలోకి పోయిన కూలోడు ఎట్లొస్తడు? సాయంత్రం పుస్తకమే ఇంటికొచ్చి ఏలిముద్ర ఏసుకుపోద్ది. అందులో ఏం రాసిందో చదివి వినిపించినోడు లేడు. పట్నంలో దీన్నే మేనేజ్‌మెంట్ అని కాలేజీలు పెట్టి నేర్పుతరు. మన ఊళ్ళల్లో దొరలు ఏ కాలేజీకీ పోకుండనే నేర్చుకున్నరు.

ప్రభుత్వాన్ని తిట్టి ఇక్కడితో ఆపితే మనకు సుఖమే. మన సంఘాల్లో మాత్రం ఏం జరుగుతుంది? రబ్బరు స్టాంపు అధ్యక్షుడి చొక్కా జేబులో, మినిట్స్ పుస్తకం ఆయన ఇంట్లో, చందాల లెక్క ఆయన నోట్లో.

కారంచేడు ఊచకోత 1985 జూలై 17న జరిగింది. ఆ రక్తంలోంచే దళిత మహాసభ పుట్టింది. సుప్రీంకోర్టు ఆఖరి తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. ఇరవై మూడేళ్ళు! ఒక కేసు అన్నేళ్ళు నిలబడాలంటే మైకు ముందు గర్జించేవాళ్ళు ఒక్కళ్ళే చాలరు. వాయిదా తేదీ రాసుకునేటోడు, సాక్షికి బస్సు చార్జీ లెక్కగట్టేటోడు కావాలె. అట్లాంటోడికి మన సభల్లో ఎప్పుడన్నా దండ ఏసినమా?

పొదుపు సంఘాల్లో మన ఆడోళ్ళు పైసా పైసాకి లెక్క చెప్తరు, బ్యాంకోళ్ళను నిలదీస్తరు. మన సభ రోజు వాళ్ళు పొయ్యి కాడ ఉంటరు. కోశాధికారి పదవి వాళ్ళకియ్యడానికి ఏం అడ్డమొచ్చింది?

ఏప్రిల్ 14 జయంతికి ప్రతి పేటలో చందా ఎత్తుతం. ఈసారి ఆ వారంలోనే జమా ఖర్చూ పేట గోడ మీద రాయించండి. మీటింగు రాత్రి పనులైనాక పెట్టండి, తీర్మానం చదివినాకనే ఏలిముద్ర ఏయండి. అధ్యక్షుడు వద్దంటే ఎందుకొద్దో అక్కడే అడగండి. ఆయన చెప్పిన జవాబు కూడా మినిట్స్‌లో ఎక్కించండి.