సిస్టరమ్మలు ఎందుకు తగ్గుతున్నరు?

చర్చి బడి ఉన్న ఊళ్లల్ల శానామందికి మొదటి ఇంగ్లిష్ అక్షరం దిద్దిచ్చింది, జరమొస్తే సూది ఏసింది సిస్టరమ్మలే. గుంటూరుకు 1904లనే జేఎంజే సిస్టర్లు వచ్చిండ్రు. బడులు, దవాఖానలు పెట్టిండ్రు. గసొంటి సిస్టరమ్మలు ఇప్పుడు ప్రపంచమంతటా తగ్గిపోతున్నరు.

లెక్క సూడుండ్రి. 1970 సంవత్సరంల ప్రపంచం మొత్తం మీద కతోలిక మఠకన్యలు పది లక్షల దాకా ఉండె. 2022 చివరికి ఆరు లక్షల కన్న దిగిన్రు. అమెరికాల అయితే 1965ల లక్షా ఎనభై వేలు, ఇప్పుడు నలభై వేలు గూడ లేరు. ఉన్నోళ్లల్ల ఎక్కువ మంది డెబ్బై దాటిన ముసలమ్మలే. పెరుగుతున్నది ముఖ్యంగ ఆఫ్రికాల.

భక్తి తగ్గింది అని ఫాదర్లు అంటరు. నేను ఒప్పుకోను. ఆ రోజుల్ల అమెరికా ఆడిపిల్ల మొగని చాటున కాకుండ కాలేజీ నడపాలన్నా, దవాఖానకు పెద్ద కావాలన్నా ఉన్న పెద్ద తొవ్వ మఠమే. తర్వాత చదువులు, నౌకర్లు వచ్చినై. 1962 నుంచి 65 దాకా నడిచిన రెండో వాటికన్ మహాసభ గూడ సంసారంల ఉన్నోళ్లకు సైతం పవిత్రత సమానమే అని చెప్పింది. ఇగ మఠమే ఎందుకు? నవ్వొచ్చే సంగతేందంటే, గా పిల్లలకు చదువు చెప్పి వేరే తొవ్వ చూపించింది సిస్టరమ్మలే.

కేరళల గూడ గదే కథ. ఒకప్పుడు ఇంటికి ఏడెనిమిది మంది పిల్లలు, అండ్ల ఒక బిడ్డ మఠానికి. ఇప్పుడు ఇద్దరే పిల్లలు, నర్సు చదివి గల్ఫ్‌కో యూరప్‌కో పోతున్నరు. అందుకే మఠాలు జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ఆదివాసీ గూడేల దిక్కు చూస్తున్నయ్. పిలుపు దేవునిదే కావచ్చు. కని గా పిలుపు పేదోళ్ల గుడిసెలల్లనే ఎందుకు ఎక్కువ వినబడుతున్నది?

నా మాటలు పట్టుకొని ఎగిరేటోళ్లు ఉంటరు. 2025 జులైల ఛత్తీస్‌గఢ్‌ దుర్గ్ స్టేషన్ల ఇద్దరు కేరళ సిస్టర్లను అడ్డుకొని జైలుకు పంపించినోళ్లకు ఇండ్ల ఏం దొరకదు. మనసార పోయే బిడ్డను ఆపే హక్కు ఎవనికి లేదు. నేను అడిగేది లోపటి సంగతి.

మాటపట్టు ఇచ్చిన సిస్టర్ పేదరికం వ్రతం పట్టుకుంటది. ఎయిడెడ్ బడిల టీచరైనా జీతం మఠానికే పోతది. జీతం తమది కాదు కాబట్టి పన్ను కోయొద్దని కొట్లాడితే, 2024 నవంబర్ల సుప్రీంకోర్టు కుదరదు, కోయాల్సిందే అన్నది. అంటే సర్కారు లెక్కల ఆమె ఉద్యోగి, మఠం లెక్కల ఆమెకు పైస లేదు. ఇరవై ఏండ్లు చేసి బయటికొస్తే? చర్చి చట్టం 702వ నిబంధన ప్రకారం చేసిన పనికి ఏం అడగొద్దు. మఠం మాత్రం న్యాయంగ, దయతోని చూడాలె అని రాసి ఉంది. దయ అంటే ఎంత? గీ ప్రశ్న అడిగే ధైర్యం నౌకరి ఉన్న ఇంటి పిల్లకు ఉంటది, కూలోళ్ల బిడ్డకు ఎక్కడిది?

కులం సంగతి గూడ అంతే. మన హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోని 2022ల తొలి దళిత కార్డినల్ అయిండు, సంతోషం. కని మదర్ సుపీరియర్లల దళిత బిడ్డలెందరో మఠాలు లెక్క బయట పెట్టాలె.

పోదామనుకునే చెల్లెకు ఒక్కటే చెప్త. డిగ్రీ పూర్తి చేపిస్తరా, సర్టిఫికెట్లు ఎవల కాడ ఉంటయ్ అని ముందే అడుగు. మొదటి మాటపట్టు కొన్ని ఏండ్లకే. గడువు అయినంక ఇంటికొస్త అంటే చర్చి చట్టం గూడ ఆపదు. ఆపేది మన వాకిట్ల కూసొని "మఠం నుంచి ఎందుకొచ్చిందంట?" అని అడిగేటోళ్లు.