పట్టాలున్నాయి, మన బండేదీ?



జగ్గయ్యపేటకు రైల్వే స్టేషన్ ఉందని చెబితే యూనివర్సిటీలో మా స్నేహితులు "మీకేం, హాయిగా రైల్లో పోవచ్చు" అంటారు. స్టేషన్ ఉన్న మాట నిజమే. కానీ ఆ పట్టాలు మన కోసం వేసినవి కావు. మన మెట్ట నేలలో సున్నపురాయి ఉంది. దాని కోసం సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. సిమెంటు పోవడానికి ఖమ్మం జిల్లా మోటమర్రి నుంచి జగ్గయ్యపేటకు రైలు దారి వచ్చింది. తర్వాత అదే దారి మేళ్ళచెరువు మీదుగా విష్ణుపురం వరకు పెరిగింది. మేం హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ ఆ పట్టాల మీద గూడ్సు బండ్లను లెక్కపెట్టాం గానీ ఒక్కరోజు కూడా బండెక్కి ఇంటికి పోలేదు. మన నాన్నలు ఎత్తిన బస్తాలకు రైలుంది, మన పుస్తకాల సంచులకు లేదు.

నందిగామ కథ ఇంకా పాతది. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. ఆ లైను ఖమ్మం, మధిర, ఎర్రుపాలెం, కొండపల్లి మీదుగా పోయింది. హైదరాబాదు రోడ్డు మీదున్న నందిగామ పక్కనే ఉండిపోయింది. ఇప్పటికీ నందిగామ వాళ్ళు రైలెక్కాలంటే ముందు బస్సెక్కి మధిరకో విజయవాడకో పోవాల్సిందే.

ఈ పాత సంగతి ఇప్పుడెందుకంటే, రెండు పెద్ద నిర్ణయాలు మన ఊళ్ళ పక్కనుంచే పోతున్నాయి. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం మోటమర్రి - విష్ణుపురం దారిని డబుల్ లైను చేయడానికి ఆమోదించింది. దాదాపు 89 కిలోమీటర్ల పని. మోటమర్రి దగ్గర ఒక లైను మీదుగా మరో లైను దాటే వంతెన దారి కూడా ఇందులో ఉంది. మొత్తం సుమారు 1,746 కోట్ల రూపాయలు. అదే ఏడాది అక్టోబరులో ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరు వరకు 57 కిలోమీటర్ల కొత్త లైనుకు ఆమోదం వచ్చింది. ఖర్చు 2,245 కోట్లు, కొత్త స్టేషన్లు 9. ఈ లైను మన కంచికచర్ల వైపు నుంచే పోతుంది. నంబూరులో దిగితే నాగార్జున యూనివర్సిటీ దగ్గరే.

డబుల్ లైనును మేం వ్యతిరేకించడం లేదు, రావాలనే కోరుతున్నాం. సింగిల్ లైను మీద ఎదురు బండి వస్తే ఒకటి ఆగాలి, కాబట్టి ప్యాసింజరుకు చోటు దొరకడం కష్టం అనేది ఒప్పుకోదగ్గ మాటే. కానీ రెండో లైను వేశాక ఆ మాట చెల్లదు. అప్పుడు కూడా గూడ్సు బండ్ల సంఖ్యే పెరిగితే, ఆ కోట్లు ఎవరి కోసం ఖర్చు పెట్టినట్టు?

మనకు రైల్వేలో ఉన్న హక్కులు మనలో చాలామందికి తెలియవు. ఇంటి నుంచి చదువుకునే చోటికి ఇంటర్ వరకు అబ్బాయిలకు, డిగ్రీ వరకు అమ్మాయిలకు సెకండ్ క్లాసు నెలవారీ సీజన్ టికెట్టు ఉచితం. ఆపై చదువుకునే ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు సీజన్ టికెట్టులో 75 శాతం, మిగిలిన విద్యార్థులకు 50 శాతం రాయితీ ఉంది. పుస్తకంలో ఇంత రాయితీ ఉన్నా, బండి ఆగని ఊళ్ళో దాని విలువ సున్నా. ఇంటర్ పాసయ్యాక విజయవాడలో సీటొచ్చినా, రోజూ ఛార్జీలు పెట్టుకోలేక, అక్కడ రూము అద్దె కట్టలేక మిరప కోతలకు, పత్తి తీతకు వెళ్ళిపోయిన స్నేహితులు మాకున్నారు. మా ఇళ్ళలో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాళ్ళం మేమే. వాళ్ళకు తెలివి తక్కువై కాదు మేం ముందుకొచ్చింది.

"2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా" అని కొందరంటారు. చెల్లెళ్ళకు అది మంచి ఆసరా, కాదనం. కానీ తమ్ముళ్ళ సంగతేమిటి? కాలేజీ వేళకు బస్సులో నిలబడే చోటు కూడా దొరకకపోతే ఎవరైనా ఏం చేయాలి? బస్సూ కావాలి, రైలూ కావాలి.

కాబట్టి మనం అడగవలసినవి మూడే. ఒకటి, ఉదయం జగ్గయ్యపేట నుంచి విజయవాడకు, సాయంత్రం తిరిగి రావడానికి కాలేజీ వేళలకు సరిపోయే ప్యాసింజరు బండి. రెండు, డబుల్ లైను పనుల్లోనే ఎత్తైన ప్లాట్‌ఫారం, నీళ్ళు, దీపాలు, ఆడపిల్లలకు మరుగుదొడ్లు. మూడు, అమరావతి లైనులో నందిగామకు దగ్గరగా వచ్చే స్టేషన్‌కు నందిగామ నుంచి బస్సు కలపడం.

అడగకుండా అమ్మయినా పెట్టదంటారు. ఈ వార్షికోత్సవం అయ్యాక ప్రతి హాస్టల్లో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎవరు ఏ ఊరి నుంచి వస్తున్నారో, చదువు కోసం ఎక్కడికి పోవాలనుకుంటున్నారో, నెలకు ప్రయాణానికి ఎంత ఖర్చవుతుందో రాయండి. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు ఆ లెక్కలతో వినతిపత్రం తయారుచేసి రైల్వే డివిజన్ అధికారులకు, మన పార్లమెంటు సభ్యుడికి, ఎమ్మెల్యేలకు ఇవ్వడానికి ముందు నిలబడాలి. సిమెంటు ఎన్ని టన్నులు పోతుందో రైల్వే దగ్గర లెక్కుంది. చదువుకోడానికి పోవలసిన పిల్లలు ఎంతమందో ఆ లెక్క మనమే ఇవ్వాలి. పనులు పూర్తయ్యాక అడిగితే లాభం లేదు, ఇప్పుడే అడుగుదాం.