డిశ్చార్జి కాగితం తెలుగులో ఇప్పించండి

రాష్ట్ర వైద్య ఆరోగ్యశాఖ మంత్రి గారికి,
కనగానపల్లి మండలం నుంచి రాస్తున్నాను.

అయ్యా, మా ఆయనకు హార్ట్ ఫెయిల్యూర్ అని ఓ పెద్దాసుపత్రిలో తేల్చారు. కాగితంపై ‘ఈఎఫ్ 30 శాతం’ అని రాశారు. అదేమిటని అడిగితే, ‘గుండె వీక్‌గా ఉందమ్మా, ఉప్పు తగ్గించండి’ అని చెప్పి ఇంకో పేషెంటును పిలిచారు. ఏ క్షణాన గుండె ఆగిపోతుందోనని ఇంటిల్లిపాదీ హడలిపోయాం.

తర్వాత తెలిసిన నర్సమ్మ విడమరిచి చెప్పింది. గుండె ఆగిపోవడం కాదట, ఒంటికి సరిపడా రక్తాన్ని పంపలేకపోవడమట. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎడమ కింది గది తనలోని రక్తంలో బయటికి నెట్టే వాటాయే ఈఎఫ్. మామూలుగా 50 శాతం పైనే ఉంటుంది. రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలి. రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టు. వెంటనే డాక్టరుకు చెప్పాలి. సంగటిలోకి నంజుకునే ఊరగాయ కూడా ఉప్పు లెక్కలోకే వస్తుంది. ఈ నాలుగు ముక్కలు ఆసుపత్రిలోనే చెప్పకూడదా?

అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలే చెబుతున్నాయి. కాగితం చేతికొచ్చినా అర్థం కాకపోతే ఏం లాభం?

మీరు మా పక్కనున్న ధర్మవరం నుంచే గెలిచారు. ఎన్టీఆర్ వైద్య సేవ ఆసుపత్రులన్నిటిలో డిశ్చార్జి కాగితం తెలుగులో ఇవ్వాలని, ఇంటికి పంపేముందు కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడాలని, అనుమానం వస్తే అడగడానికి ఓ ఫోన్ నంబరు రాసివ్వాలని ఉత్తర్వు ఇప్పించండి.

ఇట్లు,
ఓ రోగి భార్య