మరకకు మందు నిదానమే

ఆరోగ్య పత్రికలో స్నానపు తొట్టి మరకల ప్రసక్తి ఎందుకని పాఠకులు అడుగవచ్చు. మన ఇళ్లలో అందరికీ అందుబాటులో ఉండే అపాయకరమైన వస్తువు చాలాసార్లు మందుల పెట్టెలో ఉండదు; స్నానాల గది మూలన యాసిడ్ సీసా రూపంలో ఉంటుంది. ఆ సీసా ఇంటిలోనికి వచ్చుటకు కారణం మరకయే. కనుక మరకను గూర్చిన ఆలోచన ఆరోగ్యాన్ని గూర్చిన ఆలోచనయే.

‘నిదానం’ అను మాటకు ఆయుర్వేదంలో రోగకారణమును తెలుసుకొనుట అని అర్థం. వాడుకలో తొందరపడకుండుట అని అర్థం. మరకల విషయంలో మనకు ఈ రెండును కొరవడినవని నా అభిప్రాయం. మరక ఏమిటో చూడకుండానే యాసిడ్ పోయుట, రోగమేదో తెలియకుండానే తీవ్రమైన మందు మ్రింగుట వంటిది.

స్నానపు తొట్టిలో గాని, టైల్స్ మీద గాని, ప్లాస్టిక్ బకెట్లలో గాని మొండి మరకలు ముఖ్యంగా నాలుగు విధాలు. మొదటిది తెల్లని గరుకు పొర. హైదరాబాదు వంటి చోట్ల బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికం. నీరు ఆరిపోయినను లవణాలు మిగిలి సున్నపు పొరగా పేరుకొంటాయి. త్రాగునీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించరాదనియు, వేరు ఆధారం లేనిచోట 600 వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో నిర్దేశించినది. ఆ పైహద్దుకు చేరువైన నీరు వాడే ఇంట తొట్టి తెల్లబారుట శుభ్రత లోపం కాదు; నీటి స్వభావం.

రెండవది తొట్టి అంచు చుట్టూ బూడిదరంగులో కట్టే జిడ్డు వలయం. సబ్బు కఠినజలంలోని కాల్షియంతో కలిసి కరగని తెట్టుగా మారుటవలన ఇది ఏర్పడుతుంది. మూడవది ఇనుప లవణాల వలన కుళాయి క్రింద పడే తుప్పు చార. నాలుగవది టైల్స్ సందులలో, గాలి వెలుతురు చొరని మూలల్లో పెరిగే నల్లని బూజు.

తెల్లని పొరకు ఆమ్లం కావలెను. అయితే అది తీవ్రమైనది కానవసరం లేదు. వెనిగర్‌లో సమానంగా నీరు కలిపి గాని, అర లీటరు గోరువెచ్చని నీటిలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కరిగించి గాని, పాత నూలు గుడ్డను తడిపి మరకపై పరచవలెను. పదిహేను నిమిషాల తరువాత మెత్తని బ్రష్షుతో రుద్ది, పుష్కలంగా నీటితో కడుగవలెను. పొర దళసరిగా ఉన్నచో గంటల తరబడి నానబెట్టక, మూడు నాలుగు రోజులు ఇదే విధంగా చేయుట మేలు. తుప్పు చారకు కూడా నిమ్మ ఉప్పే తగినది. బ్లీచింగ్ పౌడరు తుప్పును పోగొట్టదు సరికదా, మరింత స్థిరపరచవచ్చును.

జిడ్డు వలయానికి ఆమ్లంతో పెద్దగా పని లేదు. వేడినీరు, తడిపిన వంట సోడా ముద్ద చాలును. ఇచ్చట మన కుంకుడుకాయను స్మరింపవలెను. కుంకుడు రసం సబ్బువలె కాల్షియంతో తెట్టు కట్టదు. దానితో రోజూ తొట్టి తుడుచుకొనే ఇంట ఈ వలయం అంత సులభంగా ఏర్పడదు. బూజుకు అసలు చికిత్స కిటికీ తెరచి గదిని ఆరనిచ్చుటయే.

గృహవైద్యాన్ని అభిమానించే మనం మన వర్గపు పొరపాటును కూడా చెప్పుకోవలెను. వెనిగర్, వంట సోడా కలిపి పోసినచో బుసబుస పొంగును చూచి మరక కరుగుచున్నదని చాలామంది సంతోషిస్తారు. నిజానికి అవి ఒకదాని బలమును మరొకటి హరిస్తాయి. మిగిలేది చాలావరకు లవణపు నీరే. వాడదలచినచో వేరువేరుగా వాడవలెను. అట్లే సహజమైనదంతా నిరపాయకరం కాదు. నిమ్మరసం పాలరాతిని తింటుంది. వెనిగర్ ఎక్కువసేపు నిలిచినచో ఎనామెల్ తొట్టి మెరుపు పోతుంది. ఇసుక, ఇటుక పొడి ఇత్తడి బిందెకు తగును గాని, అక్రిలిక్ తొట్టిపై గీతలు పెడతాయి. ఆ గీతలలోనే తిరిగి మురికి చేరుతుంది. ఏదైనను ముందు ఒక మూలన పరీక్షించి చూడవలెను.

ఇక యాసిడ్ మాట. మరుగుదొడ్ల ద్రవాలలో కొన్నింటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం సుమారు 10 శాతం ఉంటుంది. విడిగా అమ్మే గాఢమైన రకంలో అంతకంటె చాలా ఎక్కువ. అది సున్నపు పొరతోపాటు టైల్స్ మధ్య సిమెంటును, ఎనామెల్‌ను కూడా తింటుంది. గరుకెక్కిన తొట్టి మునుపటికంటె త్వరగా మరకపడుతుంది. మళ్లీ యాసిడ్ కావలసి వస్తుంది. అంతకంటె ఘోరమైనది, యాసిడ్ పోసినచోటనే బ్లీచింగ్ పౌడరు చల్లుట. ఆ రెండును కలిసినచో క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ వద్ద జర్మన్ సైన్యం శత్రువులపై విడిచినది ఈ వాయువునే. వెనిగర్, నిమ్మ ఉప్పు కలిసినను బ్లీచింగ్ పౌడరు ఈ వాయువునే వెలువరిస్తుంది. ఇది గాలికంటె సుమారు రెండున్నర రెట్లు బరువైనది గనుక నేలమట్టాన నిలుస్తుంది. ఆ మట్టాననే, తలుపు మూసిన చిన్న గదిలో, గొంతుకూర్చొని రుద్దుచుండేది ఎవరు? ఎక్కువ ఇళ్లలో ఇంటి ఇల్లాలు, లేదా పనికి వచ్చే ఆమె. మన తొట్టి తెల్లదనానికి ఆమె ఊపిరితిత్తులు మూల్యం చెల్లించుట న్యాయం కాదు.

యాసిడ్ అమ్మకాలపై సుప్రీంకోర్టు 2013 జూలైలో ఆంక్షలు విధించినది. కొనేవారి వివరాలు నమోదు చేయవలెననియు, పదునెనిమిదేండ్లు నిండనివారికి అమ్మరాదనియు ఆదేశించినది. అంగడివానికి అంత కట్టడి అవసరమైన వస్తువును మనం పిల్లలకు అందే ఎత్తున, తరచుగా పాత శీతలపానీయపు సీసాలో పోసి ఉంచుట ఎంతవరకు సమంజసం? పొరపాటున చర్మంపై పడినచో వెంటనే ధారగా పారే నీటితో కనీసం ఇరువది నిమిషాలు కడుగవలెను. సున్నం గాని, సోడా గాని పూయరాదు. మ్రింగినచో వాంతి చేయించరాదు. ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఇచ్చట గృహవైద్యం పనికిరాదు.

కారణాన్ని తొలగించుటయే ఉత్తమ చికిత్స అని ఆయుర్వేదం చెప్పే నిదాన పరివర్జనం తొట్టికి కూడా వర్తిస్తుంది. స్నానం ముగిసిన తరువాత పొడిగుడ్డతో ఒకసారి తుడిచినచో లవణాలు పేరుకొనుటకు నీరే మిగలదు. కారుచున్న కుళాయికి కొత్త వాషరు వేయించినచో తుప్పు చార పెరుగుట ఆగుతుంది. ఇంత చేసినను ఎనామెల్ అరిగిన పాత తొట్టిలో కొన్ని మరకలు పోవు. వాటిని ఉండనీయుడు. కడిగి ఆరబెట్టిన తొట్టిలో మిగిలిన పాత చార వలన ఎవరికీ జబ్బు చేయదు. యాసిడ్ సీసా వలన చేయవచ్చును. ఈ రెంటిలో ఇంట ఉండదగినది ఏదో గృహిణులు, గృహస్థులు కలిసి నిర్ణయించుకొందురు గాక.