అడుగు చప్పుడు వినపడకుండా...

వీడియో గేమ్ అనగానే మనలో చాలామందికి ఢాం ఢాం అని తుపాకులు పేల్చడమే గుర్తొస్తుంది. పిల్లలు పాడైపోతున్నారని నలుగురం చేరినప్పుడల్లా వాపోతుంటాం. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ అన్ని ఆటల్నీ ఒకే గాటన కట్టేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి పక్కన కూర్చుని ఓ ఆట చూశాకే ఈ మాట అంటున్నాను.

ఆట పేరు 'థీఫ్'. అమెరికాలో లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ వాళ్ళు 1998లో తయారుచేశారు. 2000లో ఆ సంస్థ మూతపడినా, ఆటని ఇంకా ఆడేవాళ్ళున్నారు. కథానాయకుడు గారెట్ దొంగ. అతనికి డబ్బు బాకీ ఉన్న మనిషిని క్రాగ్స్‌క్లెఫ్ట్ అనే జైల్లో పెట్టారు. జైలంటే మామూలు జైలు కాదు, కోటే! అడుగడుగునా కాపలా. పాడుబడ్డ గనుల్లోంచి, లేచి తిరిగే శవాల మధ్య నుంచి లోపలికి దూరాలి. చేతిలో కత్తి ఉంది గానీ ఇద్దరు ముగ్గురు భటులు మీద పడితే అతని పని అయిపోయినట్టే. అందుకని పోట్లాడడు, నక్కుతాడు. తెర అడుగున ఓ రత్నం ఉంటుంది. మనిషి వెలుతురులో ఉంటే అది మెరుస్తుంది, చీకట్లో ఉంటే నల్లబడుతుంది. రాతి నేల మీద, ఇనుము మీద నడిస్తే చప్పుడవుతుంది, తివాచీ మీదా గడ్డి మీదా నడిస్తే కాదు. నీళ్ళ బాణంతో కాగడా ఆర్పేయచ్చు. అన్నిటికన్నా కష్టమైన స్థాయిలో ఒక్క మనిషిని చంపినా ఓడిపోయినట్టే. మరి దీన్నేమని తిట్టాలి?

"దొంగతనం నేర్పదుటమ్మా?" అన్నారు పక్కింటి పిన్నిగారు. శూద్రకుడి 'మృచ్ఛకటికం'లో శర్విలకుడు జంధ్యంతో కొలిచి గోడకి కన్నం వేస్తాడు. తలుపు కిర్రుమనకుండా నీళ్ళు చల్లుతాడు. పురుగుని వదిలి దీపం ఆర్పిస్తాడు. అది చదివి దొంగలైనవాళ్ళని నేనైతే చూడలేదు.

నన్ను కుదిపింది వేరే సంగతి. ఏ భటుడు ఎటు తిరుగుతాడో లెక్కపెట్టుకుని, ఊపిరి బిగబట్టి మావాడు గోడవారగా నడుస్తుంటే "ఎంత ఓపిక, ఎంత తెలివి!" అని మురిసిపోయారు వాళ్ళ నాన్న. మధ్యాహ్నం మామగారు పడుకుంటే ఏ తలుపు కిర్రుమంటుందో, ఏ గిన్నె ఎక్కడ పెడితే మోగదో, గాజులు పైకి తోసుకుని చంటిదాని పక్కనుంచి ఎలా లేవాలో మనకి తెలీదూ? అది తెలివని ఎవరన్నారు? అణకువ అన్నారు. పైగా గారెట్ నక్కేది పరాయి కోటలో, తనకి కావలసింది తెచ్చుకోడానికి. మనం నక్కేది సొంతింట్లో, ఏం తెచ్చుకోడానికో! చప్పుడు విన్న భటుడైనా కాసేపు వెతికి, ఎలకేమో అనుకుని తన దారిన పోతాడు. మన ఇళ్ళల్లో అంత తేలిగ్గా మరిచిపోతారా?

అంచేత ఆట మానిపించకండి, ఆడుతుంటే ఓ గంట పక్కన కూర్చోండి. ఆ విద్యని తెర బయటికి కూడా తెమ్మని అడగండి. కోటలో పిల్లిలా నడిచే మావాడు రాత్రి పన్నెండింటికి మంచినీళ్ళ కోసం లేచి ఫ్రిజ్ తలుపు ధడేల్మని వేస్తాడు. మధ్యాహ్నం నేను నడుం వాల్చే అరగంటా, ఇల్లంతా రాతి నేలే అనుకుని నడవమని చెప్పాను. వాళ్ళ నాన్నకీ అదే చెప్పాను. ఇద్దరూ ఇంకా మొదటి స్థాయిలోనే ఉన్నారు.